చెయ్యి ఊపని వీధి

1964 మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం మా వంటింట్లో పదకొండు మంది నిలబడి ఉన్నారు. నలుగురు కూర్చుంటే ఐదోవాళ్లు పక్కకు తిరగడానికి వీల్లేని గది అది. మా ఆయన మాల్కమ్ వాయించిన పాట రేడియోలో వస్తుందని హల్ ఊళ్లో మా హెస్సిల్ రోడ్డు పొడవునా తెలిసిపోయింది. రేడియో లేనివాళ్లు వచ్చారు, ఉన్నవాళ్లూ వచ్చారు. మా అత్తగారు ఏడా ఇంట్లో ఉన్న కప్పులన్నీ తీసి టీ పోసింది. కప్పు దొరకనివాళ్లకు గిన్నెల్లో పోసి ఇచ్చింది.

నేను పెరటి గుమ్మంలో నిలబడ్డాను. అక్కడ గోడకు బిగించిన కర్రకు సగం అల్లిన వల వేలాడుతోంది. మా వీధి ఆడవాళ్లలో చాలామంది పని అదే, ఐస్‌లాండ్ దాకా వెళ్లే చేపల ఓడలకు వలలు అల్లడం. చెక్క సూది నా చేతిలోనే ఉంది. ఒక వరస మధ్యలో వదిలేసి వెళ్తే ముళ్లు వదులవుతాయి.

పాట మొదలైంది. బస్సు కోసం నిలబడ్డ ఒక అమ్మాయిని రోజూ చూస్తూ, మాట్లాడే ధైర్యం లేని అబ్బాయి పాట. పాడింది నార్మన్. చేపల బజారు మూలన జుట్టు కత్తిరించే ఆయన కొడుకు. లండన్ వాళ్లు అతని పేరు విన్స్ అని మార్చారు గానీ మా వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. వీళ్ల పాటల గ్రూపు పేరు హంబర్ లైట్స్. మా ఊరి పక్కన పారే నది పేరు అది.

మొదటి చరణం అయ్యాక పాట ఆగి గిటారు ఒక్కటే వినిపిస్తుంది. ఎనిమిది స్వరాలు. ఆ ఎనిమిదీ మాల్కమ్ కట్టినవే. మా పెళ్లికి ముందు, నేను వల అల్లుతుంటే పెరటి గోడ మీద కూర్చుని కట్టాడు. పదిహేనేళ్లప్పుడు రేవులో చేపలు కోస్తూ ఎడమ చేతి ఉంగరపు వేలు కోసుకున్నాడు. ఆ వేలి చివరి కణుపు మళ్లీ వంగలేదు. అందుకని ఆరో స్వరాన్ని నేరుగా నొక్కలేక, వేలిని కింది మెట్టు మీద పడుకోబెట్టి పై మెట్టుకు జార్చేవాడు. నడిచే మనిషి ఎక్కడో కాలు తడబడి, పడబోయి, నిలదొక్కుకున్నట్టు ఉండేది. క్లబ్బుల్లో వాయించేటప్పుడు ఆ జారు దగ్గరికి వచ్చేసరికి గ్లాసులు కడిగే ఆవిడ కూడా తలెత్తి చూసేది. నేనాయన్ను చేసుకున్నది ఆ ఒక్క స్వరం కోసమే అని చెబితే అబద్ధం కాదు.

రేడియోలో ఆరో స్వరం జారలేదు. నేరుగా, శుభ్రంగా, గాజు గ్లాసుకు చెంచా తగిలినట్టు పలికింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఏడా రేడియో మీద అరచెయ్యి ఆనించి, "అదుగో, అదీ మావాడి చెయ్యంటే," అంది.

నేను మాల్కమ్ వైపు చూశాను. అతను మాకు వీపు పెట్టి కుళాయి కింద కెటిల్ పట్టుకుని నిలబడ్డాడు. కెటిల్ ఎప్పుడో నిండిపోయింది. నీళ్లు అతని చేతి మీంచి కారిపోతున్నాయి.

మర్నాడు ఆదివారం నది ఒడ్డున నడుస్తుంటే అతనే చెప్పాడు. లండన్‌లో రికార్డు చేసే పెద్దమనిషి మాల్కమ్ వాయించింది రెండుసార్లు విని, ఆ ఆరో స్వరం మురికిగా ఉంది అన్నాడట. పది నిమిషాల్లో ఒకాయన్ను పిలిపించాడట. ఉన్ని చొక్కా, కళ్లజోడు, చంకలో సాండ్‌విచ్చుల డబ్బా. రోజుకు నాలుగు గ్రూపుల పాటల్లో ఆయనే వాయిస్తాడట, ఏ రికార్డు మీదా ఆయన పేరు ఉండదట. ఆ రోజు ఆయన గిటారు తీగె తెగి ఉంది.

"నాదే అడిగాడు, బ్రెన్," అన్నాడు మాల్కమ్. "మీకేం అభ్యంతరం లేదు కదా అని మర్యాదగా అడిగాడు. రెండుసార్లు వాయించాడు. గుడ్డతో తుడిచి మళ్లీ నా చేతికిచ్చాడు."

"నువ్వేం చేశావు?"

"టీ తాగాను."

అమ్మకు చెప్పొద్దన్నాడు. చెప్పనన్నాను. నాకు నిన్ననే తెలిసిందన్నాను. తెలిసిందని నాకూ తెలిసింది, కెటిల్ అందుకే పొంగింది అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

అసలు సంగతి ఆ తర్వాత చెప్పాడు. గ్రూపు వ్యవహారాలు చూసే గార్లండ్ అనే ఆయన గట్టిగా ఒక మాట చెప్పేశాడు. జనం రికార్డు విని వస్తారు, వేదిక మీద కూడా రికార్డులో ఉన్నదే వినాలి. జులైలో యార్మత్ సముద్రపు ఒడ్డున ఆరు వారాల పాటు వేదిక మీద ఆటలు ఉన్నాయి. ఆగస్టు ఆఖరి శనివారం మా హల్ ఊళ్లోనే పెద్ద హాలులో ఆట. ఆ ఆట చూడ్డానికి లండన్ నుంచి ఒకాయన వస్తాడు. శరదృతువులో గ్రూపులను దేశమంతా తిప్పేదీ, టెలివిజన్‌లో చూపించేదీ ఆయనే. ఆ రోజు ఆరో స్వరం రికార్డులో పలికినట్టే పలికితే మాల్కమ్ గ్రూపుతో వెళ్తాడు. పలక్కపోతే లీడ్స్‌లో ఒక కుర్రాడు సిద్ధంగా ఉన్నాడు, అతనికి వేళ్లన్నీ వంగుతాయి.

"ఆగస్టు దాకా టైముంది," అన్నాడు మాల్కమ్. "నేర్చుకుంటాను."

తను కట్టిన పాటనే తను నేర్చుకోవడం మొదలుపెట్టాడు. పగలంతా చేపలకు పొగబెట్టే కొట్టులో పని. కర్రలకు చేపలు గుచ్చి, రంపపు పొట్టు నిప్పు మీద వరసలుగా వేలాడదీసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుని ముందు గదిలో గ్రామఫోన్ దగ్గర కూర్చునేవాడు. ఆ ఎనిమిది స్వరాల దగ్గర ముల్లు పెట్టడం, వినడం, వాయించడం, మళ్లీ ముల్లు వెనక్కి తీసి పెట్టడం. నేను పెరట్లో వల అల్లుతూ రెండూ వినేదాన్ని. ముందు ఆ కళ్లజోడు ఆయన స్వరం, వెంటనే మాల్కమ్‌ది. ఒకసారి గరగరలాడేది, ఒకసారి మూగగా చచ్చిపోయేది. జూన్ సగానికి వచ్చేసరికి రికార్డు అక్కడ అరిగి బూడిదరంగుకు తిరిగింది.

ఏడా ఒకరోజు నా పక్కన పీట వేసుకుని బఠానీలు ఒలుస్తూ చాలాసేపు విన్నది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఏమే పిల్లా, వాడి పాటే వాడు నేర్చుకుంటాడెందుకే?"

"చెయ్యి మరిచిపోకుండా ఉండడానికమ్మా," అన్నాను. ఆవిడను నేనూ అమ్మా అనే పిలిచేదాన్ని.

"మీ మామ ముప్పయ్యేళ్లు ఓడెక్కాడు. ఒక్కరోజైనా ఇంట్లో కూర్చుని వల లాగడం ప్రాక్టీసు చెయ్యలేదు," అంది ఏడా. బఠానీ తొక్కలు ఏరుకుని లోపలికి పోయింది. నమ్మిందో లేదో నాకు తెలీదు.

మాల్కమ్ వేలు పగిలి రక్తం వచ్చేది. రేవులో చేపలు కోసేవాళ్లు కట్టుకునే తెల్లటి గుడ్డపట్టీ తెచ్చి, వేలు కొంచెం వంగి ఉండేటట్టు బిగించి చుట్టుకునేవాడు. జులై మొదటి వారంలో, ఒక గురువారం, ఆరో స్వరం శుభ్రంగా పలికింది. ముందు గ్రామఫోన్‌ది, వెంటనే అతనిది. రెండింటికీ తేడా లేదు. గిటారు మెడలో ఉండగానే పెరట్లోకి వచ్చాడు.

"విన్నావా?"

"విన్నాను. బాగుంది."

అతని మొహంలో అంత సంతోషం మా పెళ్లిరోజున కూడా చూడలేదు. మళ్లీ లోపలికి పరిగెత్తాడు. నేను వల వైపు తిరిగేసరికి ఒక వరసంతా తప్పు కొలతతో అల్లి ఉంది. ఓడ మీద అలాంటి వల చిరిగితే మనుషుల ప్రాణాల మీదికొస్తుంది. కత్తి తెచ్చి ఆ వరస మొత్తం కోసేశాను. అతను గెలవాలనే నాకు ఉంది. కానీ ఆ జారు మళ్లీ ఎప్పటికీ వినబడదేమో అని దిగులు కూడా ఉంది. ఒకటి కావాలంటే ఇంకొకటి పోవాలి. ఆ రోజు నాకు ఏది ఎక్కువ కావాలో నాకే తెలియలేదు.

యార్మత్ వెళ్లేది సోమవారం అయింది. సోమవారం అంటే బట్టలుతుక్కునే రోజు. మా సందులో ప్రతి పెరట్లోనూ దండెం నిండా దుప్పట్లు, చొక్కాలు గాలికి ఎగురుతున్నాయి. మా దండెం ఒక్కటే ఖాళీ. ఇంట్లోంచి మగవాడు బయల్దేరే రోజున బట్టలు ఉతికితే అతన్ని నీళ్లలో కలిపేసినట్టే అని మా వీధి నమ్మకం. సాగనంపడానికి రేవుకు వెళ్లకూడదు. కనుమరుగయ్యేదాకా చూడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, చెయ్యి ఊపకూడదు. చెయ్యి ఊపితే అల లాక్కుపోతుంది. ఇవన్నీ ఓడెక్కేవాళ్లకు గదా, ఇతను ఎక్కేది వ్యాను గదా అని నేను ముందురోజు అనబోయాను. ఏడా నన్ను మాట పూర్తి చెయ్యనివ్వలేదు. మామగారు ఆఖరిసారి ఓడెక్కిన రోజున ఆవిడ ఒక్క తువ్వాలు ఉతికిందట. పక్కింటి పాప టీ ఒలకబోస్తే తుడిచిన తువ్వాలు. అంతే.

వ్యాను సందు చివర ఆగింది. నార్మన్‌ను చేసుకోబోయే అమ్మాయి శాండ్రా ఊరి అవతలి పక్కది, ఓడల సంగతి తెలియని ఇంటిది. ఎర్ర స్కార్ఫు తీసి తల మీద గిరగిరా తిప్పుతూ ఊపేస్తోంది. మా వీధి ఆడవాళ్లు కిటికీల్లోంచి ఆ పిల్లను చూసి నోళ్లు నొక్కుకున్నారు.

గార్లండ్ వ్యాను దగ్గర నిలబడి మాల్కమ్ కోటు వాసన చూసి మొహం చిట్లించాడు.

"వీడు ఎక్కితే యార్మత్ దాకా ఎండుచేప తిన్నట్టే," అన్నాడు నార్మన్.

"మీ నాన్న దుకాణంలో తైలం వాసనకన్నా నయం లేరా," అన్నాడు మాల్కమ్.

వ్యాను కదిలాక మాల్కమ్ వెనక అద్దంలోంచి గుమ్మంలో ఉన్న నా వైపు చూశాడు. శాండ్రా స్కార్ఫు వైపు చూపించి, తన చెయ్యి కొంచెం ఎత్తి, ఒక్కసారి అన్నట్టు సైగ చేశాడు. నా చెయ్యి నడుం దగ్గరనుంచి లేచింది. పక్కన ఏడా ఉంది. నేను వెనక్కి తిరిగి లోపలికి వచ్చి తలుపు వేశాను. వ్యాను మలుపు తిరిగిన చప్పుడు తలుపు అవతలినుంచి విన్నాను.

నాకప్పటికి అక్షరాలు రావు. అది అతనికి తెలుసు. అందుకని ఉత్తరాల బదులు వారానికోసారి కవరులో ఒక తాడు ముక్క వచ్చేది. మా వలలు అల్లే తాడే, ఇంట్లోంచి ఒక ఉండ పట్టుకెళ్లాడు. దాని నిండా ముళ్లు. ఎన్ని ముళ్లుంటే తను ఇంటికి రావడానికి ఇంకా అన్ని రోజులు అని. మొదటి తాడుకు ముప్పై ఐదు. పొయ్యి పక్కన మేకుకు కట్టి రోజూ పొద్దున్నే ఒకటి విప్పేదాన్ని. చాలా గట్టిగా బిగించేవాడు, వేళ్లతో రాకపోతే పళ్లతో లాగేదాన్ని. తాడుకు పొగ వాసన, సముద్రపు వాసన రెండూ ఉండేవి. నాకు ఇప్పటికీ ఎదురుచూడటం అంటే ఆ తాడు రుచే గుర్తొస్తుంది.

పాట మాత్రం ఎక్కడికి వెళ్లినా వినబడేది. రొట్టెల దుకాణంలో, రేవు క్యాంటీన్లో, పక్క పెరట్లో. ఆరో స్వరం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు, "మీ ఆయనే, బ్రెండా," అనేవాళ్లు. నేను నవ్వేదాన్ని. ముక్కూ మొహం తెలియని ఆ కళ్లజోడు ఆయన రోజుకు పదిసార్లు మా వీధిలోకి వచ్చి వెళ్తున్నట్టుండేది. నాకు కావలసిన మనిషి చప్పుడు మాత్రం ఎక్కడా లేదు.

ఆగస్టు ఆఖరి శనివారం పొద్దున్నే మాల్కమ్ ఇంటికొచ్చాడు. చిక్కిపోయాడు. జుట్టు చెవుల మీదికి దువ్వి ఉంది. వేలికి పట్టీ. ఏడా చేప వేయించి పెట్టింది. తినేసి, గిటారు తీసి, వంటింట్లో కుర్చీలో కూర్చుని ఆ ఎనిమిది స్వరాలూ వాయించాడు. పదిసార్లు వాయిస్తే పదిసార్లూ ఆరోది శుభ్రంగా పలికింది. ఏడా తలాడించి పెరట్లోకి వెళ్లాక నన్ను అడిగాడు.

"ఎలా ఉంది?"

"రికార్డులో ఉన్నట్టే ఉంది," అన్నాను.

మెచ్చుకోడానికే అన్నాను. అతను నా మొహంలోకి కొంచెంసేపు చూసి, "అవును, అలాగే ఉంది," అన్నాడు. గిటారు పెట్టెలో పెట్టేశాడు.

ఆ రోజు రెండు ఆటలు. నేనూ ఏడా మొదటి ఆటకు వెళ్లాం. సాయంత్రం ఆరింటికి. పై అంతస్తులో ముందు వరస. ఏడా చర్చికి వెళ్లే టోపీ పెట్టుకుంది. హాలు నిండా పదిహేను పదహారేళ్ల ఆడపిల్లలు. తెర లేచిన దగ్గర్నుంచి అరుపులే. నేను అలాంటి చప్పుడు అంతకుముందు రేవులో ఓడ సైరన్ల దగ్గర తప్ప వినలేదు. ఏడా చెవులు మూసుకుని, "వీళ్లకు ఇళ్లల్లో ఎవరూ లేరా," అంటూనే ఉంది.

వాళ్ల పాట మొదలవగానే ఆడపిల్లలందరూ లేచి నిలబడి చేతులు ఊపడం మొదలుపెట్టారు. కింద, పైన, మెట్ల మీద, అన్నీ చేతులే. రుమాళ్లు, స్కార్ఫులు, చేతి తొడుగులు. ఏడా నా వైపు చూసింది. నేనప్పటికే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. శరదృతువంతా ఊళ్లు తిరగబోయే మనిషి అతను. ఆ రోజు నేనెలా ఊపుతాను?

మొదటి చరణం అయింది. నార్మన్ వెనక్కి జరిగాడు. మాల్కమ్ ముందుకొచ్చాడు. అరుపుల్లో ఒక్క స్వరం కూడా వినబడలేదు. నాకు కనబడింది అతని చెయ్యి ఒక్కటే. దాని మీద పట్టీ లేదు. అతను తలెత్తి పైకి చూస్తున్నాడు, వరస వెంబడి వరస వెతుకుతున్నట్టు. చూపు వచ్చి నా దగ్గర ఆగింది. నాలుగో స్వరం, ఐదోది. ఉంగరపు వేలు కింది మెట్టు మీద పడుకుంది. నిదానంగా పైకి జారింది.

నాకు వినబడలేదు. అయినా విన్నాను.

ఏడా ఏమీ గమనించలేదు. చుట్టూ ఉన్న వందలమందిలో ఎవరూ గమనించలేదు. వేదిక పక్కన తెర చాటున నిలబడ్డ గార్లండ్ మాత్రం పక్కనున్న బూడిదరంగు కోటు లండన్ ఆయన చెవిలో ఏదో చెప్పడం చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆట అయ్యాక మేం బయటికి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. పక్క ద్వారం దగ్గర మాల్కమ్ తన సొంత కోటు వేసుకుని, గిటారు పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రెండో ఆట ఉంది కదరా?" అంది ఏడా.

"ఇంకొకతను వాయిస్తాడమ్మా. వేలు బాగాలేదు. పట్టీ ఊడిపోయింది."

"నాకు చెబితే సూదీ దారం పెట్టి కుట్టేదాన్ని కదా."

దారిలో ప్యాటీలు, చిప్స్ కొన్నాడు. పేపరు విప్పుకుని తింటూ ముగ్గురం ఇంటిదాకా నడిచాం. ఏడా ముందు నడుస్తోంది, కాలి నొప్పి కూడా మరిచిపోయి. కొడుకు ఇంటికి వస్తున్నాడు, ఆవిడకు అంతే కావాలి. మేం కొంచెం వెనకబడ్డాం.

"అంతమందిలో నిన్ను ఎలా కనిపెట్టానో తెలుసా?" అన్నాడు మాల్కమ్.

తెలియదన్నాను.

"హాలంతా ఊగుతోంది. ఒక్క చోట కదలడం లేదు."



మర్నాడు పొద్దున వ్యాను మా సందు చివర ఆగింది. నార్మన్ దిగి వచ్చాడు. మా గడపకు బూటు రాస్తూ నిలబడ్డాడు. "ఒరేయ్ మాల్, నీ వాసన లేకపోతే నిద్ర పట్టదురా వ్యానులో," అన్నాడు. మాల్కమ్ అతని భుజం తట్టి పంపించాడు. లీడ్స్ కుర్రాడు వ్యానులోనే కూర్చుని ఉన్నాడు, వయసు పద్దెనిమిది ఉంటుందేమో. ఒళ్లో చేతులు పెట్టుకుని తప్పు చేసినవాడిలా తల వంచుకున్నాడు. వ్యాను కదలగానే నార్మన్ కిటికీలోంచి ఒక చెయ్యి బయటపెట్టి ఊపుతూనే ఉన్నాడు.

మాల్కమ్ చెయ్యెత్తలేదు. వ్యాను మలుపు తిరగకముందే వెనక్కి తిరిగి, నన్ను భుజం పట్టి లోపలికి తీసుకొచ్చి, తలుపు వేశాడు. వాళ్లు క్షేమంగా తిరిగి రావాలని.

సోమవారం మా దండెం నిండింది. ఎవరూ ఎక్కడికీ వెళ్లడం లేదు కాబట్టి ఏడా దుప్పట్లతో సహా అన్నీ ఉతకడానికి తీసి పడేసింది. వేదిక మీద వేసుకున్న తెల్ల చొక్కా నీళ్లలో వేసేముందు జేబు తడిమాను. లోపల మెత్తగా ఏదో తగిలింది. ఆ గుడ్డపట్టీ. ఒక చివరనుంచి జాగ్రత్తగా చుట్ట చుట్టి, ఊడిరాకుండా కొసను లోపలికి దోపి ఉంది.

ఊడిపోయిన పట్టీ అలా చుట్టుకోదు.

అటూ ఇటూ చూశాను. ఏడా దుప్పటి పిండుతోంది. పట్టీని పొయ్యిలో వేసి, చొక్కా ఉతికి, అందరికన్నా ముందు ఆరేశాను. మా వీధి నియమాలన్నీ మగవాళ్లను ఇంటికి తెచ్చేందుకే. నేను పాటించాను. అతను ఇంటికొచ్చాడు. నేను ఒక్కసారి చేతులు తీసి ఊపి ఉంటే అందరి చేతుల్లో నా చెయ్యి కలిసిపోయేది, అతనికి నేను కనబడేదాన్ని కాదు. అప్పుడు ఆ వేలు ఏం చేసేదో. ఈ మాట నలభై ఆరేళ్లు అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో అని కాదు. చెప్పేది నాకు సంతోషమే కలిగిస్తుందేమో అని భయం.

హంబర్ లైట్స్ ఇంకో రెండు రికార్డులు చేసి ఆగిపోయారు. మాల్కమ్ పొగకొట్టులోనే పనిచేశాడు, కొట్టు మూసేశాక మార్కెట్లో. శనివారాలు కార్మికుల క్లబ్బులో వాయించేవాడు. పాట మధ్యలో క్లబ్బువాళ్లు మైకు లాక్కుని, తినడానికి వేడి మాంసం పైలు వచ్చాయి, వరసలో రండి అని చెప్పేవాళ్లు. నవ్వుతూ ఆగి, జనం తిని కూర్చున్నాక మళ్లీ ఆపిన చోటునుంచే మొదలుపెట్టేవాడు. ఆ ఎనిమిది స్వరాలు వాయించమని అడిగితే వాయించేవాడు, తన పద్ధతిలో. రికార్డులో ఉన్నట్టు లేదే అని ఎవరైనా అంటే, ముసలివాణ్ని అయ్యాను కదా అనేవాడు. ఏడా పోయేదాకా రేడియో మీద చెయ్యి పెట్టి అదే మాట అంటూనే ఉంది.

అరవై మూడో ఏట నేను లైబ్రరీలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇంట్లో మొదట చదివింది బీరువాలో దాచిన పాత పత్రిక ముక్క. ఫొటో కింద నలుగురి పేర్లు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ పైకి చదివాను, "గిటారు, మాల్కమ్ స్టాథర్స్." అతను పేపరు దించి, "పేరు సరిగ్గానే రాశారా?" అన్నాడు. సరిగ్గానే ఉందన్నాను.

అతను పోయినప్పుడు నార్మన్ వచ్చాడు, చేతికర్రతో, జుట్టు ఒక్కటి లేకుండా. ఆ రికార్డు పట్టుకొచ్చి దహనశాలలో అందరికీ వినిపించమంటావా అని అడిగాడు. అందులో ఎవరు వాయించారో తెలిసినవాళ్లలో మేమిద్దరమే మిగిలాం. అయినా వినిపించమన్నాను. ఊరంతా అతనిదే అనుకున్న పాట అది.

అతని శవపెట్టె నెమ్మదిగా లోపలికి కదిలింది. రెండు పక్కలనుంచీ తెర దగ్గరికి వస్తోంది. పాటలో మొదటి చరణం అయింది, గిటారు ఒక్కటే మిగిలింది. నాలుగు, ఐదు. ఆరోది ఎప్పటిలాగే శుభ్రంగా పలికింది. నార్మన్ నా వైపు చూశాడు.

నేను చెయ్యెత్తి ఊపాను. వెనక వరసలో మా వీధి ముసలమ్మలు ఊపిరి బిగబట్టడం వినబడింది. ఏడా ఉంటే చెయ్యి పట్టుకుని కిందికి లాగేది. తెర పూర్తిగా మూసుకునేదాకా, మూసుకున్నాక కూడా, ఊపుతూనే ఉన్నాను.